మార్కులు తేడా వచ్చాయా? జవాబు పత్రం దాకా వెళ్లే దారి

ఒడిశాలోని పర్లాకిమిడిలో నేను చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పాను. ఏటా మూల్యాంకన కేంద్రానికి వెళ్లి జవాబు పత్రాలు దిద్దాను. ఉద్యోగ విరమణ చేశాక కూడా ఫలితాలు వచ్చిన వారంలో పిల్లలు మా ఇంటికి వస్తూనే ఉంటారు. కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి, సరిహద్దు అవతల పాతపట్నం నుంచి కూడా వస్తారు. అందరిదీ ఒకటే మాట: "మేడమ్, బాగా రాశాను, మార్కులు రాలేదు." ఆ మాటను నేను ఎప్పుడూ కొట్టిపారేయలేదు. ఎందుకంటే దిద్దే బల్ల దగ్గర ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఎక్కడ పొరపాటు జరగగలదో, దాన్ని ఎవరు సరిదిద్దగలరో, ఎక్కడ మీ డబ్బూ సమయమూ వృథా అవుతాయో ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ ఫిర్యాదు ఏ రకమో తేల్చుకోండి. మొదటిది లెక్క తప్పు: లోపల వేసిన మార్కులు పై పేజీకి ఎక్కకపోవడం, కూడిక తప్పడం, ఇంటర్నల్ మార్కులు చేరకపోవడం, పరీక్ష రాసినా గైర్హాజరు అని పడటం. రెండోది దిద్దకుండా వదిలేసిన జవాబు. మూడోది అభిప్రాయ భేదం: జవాబు చదివారు, మీరు ఆశించినదానికంటే తక్కువ వేశారు. మొదటి రెండింటికీ ఆధారం మీ జవాబు పత్రంలోనో కాలేజీ రికార్డులోనో ఉంటుంది, కాబట్టి పట్టుబడితే సరిచేయించుకోవచ్చు. మూడోది చాలా కష్టం. పిల్లల్లో ఎక్కువమంది మూడో రకం కోపంతో వస్తారు, పత్రం తెప్పించి చూస్తే కొందరికి మొదటి రెండింట్లో ఒకటి బయటపడుతుంది. పత్రం చూడకుండా మాత్రం దిద్దడంలో జరిగిన తప్పేదీ తేలదు.

దిద్దే చోట ఏం జరుగుతుంది

మీరు రాసిన జవాబు పుస్తకం కేంద్రానికి చేరాక మీ రోల్ నంబరు కనపడకుండా చేసి కోడ్ వేస్తారు. దిద్దేవారు ప్రతి జవాబు పక్కన అంచులో మార్కు వేస్తారు. తర్వాత ఆ మార్కులను పై పేజీలోని గడుల్లో ప్రశ్న నంబరు ఎదురుగా ఎక్కించి కూడతారు. ఆ మొత్తం మరో షీటు మీదకో కంప్యూటర్‌లోకో వెళుతుంది. చివరికి కోడ్‌ను మళ్లీ రోల్ నంబరుతో కలుపుతారు. అంటే మీ మార్కు అంచు నుంచి మార్కుల జాబితా దాకా మూడు నాలుగు చేతులు మారుతుంది, మారిన ప్రతిచోటా తప్పడానికి వీలుంది. ఒక గది నిండా కట్టలు, దిద్దిన పత్రానికి ఇంత అని చెల్లింపు, గడువు దగ్గర పడుతోందని పై నుంచి ఒత్తిడి, మధ్యాహ్నం కరెంటు పోయిన ఎండాకాలపు గది. ఆ పరిస్థితిలో నిజాయితీగా పనిచేసేవారి కన్ను కూడా ఒక పేజీ దాటేస్తుంది. విద్యార్థి ఏడాది చదువు ఇంత హడావుడి మీద ఆధారపడటం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

వదిలేసే పేజీల్లో ఎక్కువ భాగం ఒకేచోట ఉంటాయి: ఖాళీ పేజీ తర్వాత. విద్యార్థి రెండో ప్రశ్న జవాబు తర్వాత రాద్దామని రెండు పేజీలు ఖాళీ వదులుతాడు. దిద్దేవారు ఖాళీ పేజీ చూడగానే రాత అయిపోయిందనుకుని పుస్తకం మూసేస్తారు. కాబట్టి మధ్యలో ఖాళీ వదిలితే ఆ పేజీ అడుగున "తరువాతి పేజీ చూడండి" అని మీరు రాసే భాషలోనే స్పష్టంగా రాయండి. ఒక జవాబు రెండుచోట్ల విడిపోతే మొదటి ముక్క చివర "మిగతా భాగం ఫలానా పేజీలో" అని రాయండి. ప్రశ్న నంబరు, అందులోని ఉపప్రశ్న అక్షరం ప్రశ్నపత్రంలో ఉన్నట్టే వేయండి. 4(బి) కి బదులు 4 అని రాస్తే మార్కు వేరే గడిలో పడుతుంది, కొన్నిసార్లు ఏ గడిలోనూ పడదు.

మన పిల్లలకు మాత్రమే వచ్చే ఒక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో పాఠ్యపుస్తకం ఇంగ్లీషు. ఆ మూడింటి మధ్య పెరిగిన పిల్లలు ఒకే జవాబులో సగం ఒడియా, సగం ఇంగ్లీషు రాసేస్తారు. శాస్త్ర పదాలు ఇంగ్లీషులో ఉన్నా పరవాలేదు. వాక్యాలు మాత్రం ఒకే భాషలో నడిపించండి. జవాబు మధ్యలో భాష మారితే, దిద్దేవారిలో కొందరు ఎక్కడినుంచో ఎత్తి రాశారనుకుంటారు. అది న్యాయం కాదు, కానీ జరుగుతుంది.

పరీక్ష రోజునే మొదలుపెట్టాల్సినది

బయటికి వచ్చాక అరగంటలోపు ఒక నోట్‌బుక్‌లో కొన్ని విషయాలు రాసి పెట్టుకోండి: తేదీ, పేపర్ కోడ్, జవాబు పుస్తకం మీద అచ్చయిన క్రమసంఖ్య, ఎన్ని అదనపు షీట్లు తీసుకున్నారు, ఏయే ప్రశ్నలు రాశారు, ఒక్కోదానికి మీ లెక్కన ఎన్ని మార్కులు రావాలి. ఇవేవీ హాల్ టికెట్ మీద రాయకండి. అది మాల్‌ప్రాక్టీస్ కింద పట్టుకునే అవకాశం ఉంది. హాజరు పట్టికలో సంతకం చేసేటప్పుడు మీ పేరు ఎదురుగానే సంతకం పెట్టారో లేదో చూసుకోండి. తర్వాత "గైర్హాజరు" అని ఫలితం వస్తే మిమ్మల్ని కాపాడే కాగితం అదొక్కటే. అదనపు షీట్లను దారంతో గట్టిగా కట్టండి, ప్రతి షీటు మీదా అడిగిన వివరాలు నింపండి. ఊడిపోయిన షీటు ఎవరిదో చెప్పగలిగేది దాని మీది రాతే.

ఇంటర్నల్ మార్కుల గురించి కాలేజీ వదలకముందే అడగండి. చాలా కాలేజీల్లో నోటీసు బోర్డు మీద పెడతారు. ఫోటో తీసి ఉంచుకోండి. ఫలితంలో "ఫెయిల్" అని వచ్చిన కొందరికి రాతపరీక్షలో మంచి మార్కులే ఉంటాయి. ఇంటర్నల్ గడి ఖాళీగా వెళ్లడమే కారణం. దీనికి రుసుము కట్టి దరఖాస్తు పెట్టనక్కర్లేదు. విభాగాధిపతి దగ్గరికి వెళ్లి, కాలేజీ పరీక్షల విభాగం నుంచి సవరణ లేఖ విశ్వవిద్యాలయానికి పంపమని అడగాలి. పంపాక ఆ లేఖ నంబరు, తేదీ రాసుకోండి. "పంపించాంలే" అనే మాటతో సరిపెట్టుకుని వెనక్కి రావద్దు.

ఫలితం చూసే పద్ధతి

ఫలితం వచ్చిన వెంటనే మొత్తం పేజీ ప్రింటు తీయండి. వెబ్‌సైట్‌లో తర్వాత మారిపోవచ్చు. రాసిన పేపర్లన్నీ జాబితాలో ఉన్నాయా, పేపర్ కోడ్ సరిపోయిందా, రాతపరీక్ష, ఇంటర్నల్, ప్రాక్టికల్ విడివిడిగా కనిపిస్తున్నాయా అన్నవి చూడండి.

గ్రేడ్లు చూసి కంగారు పడేముందు లెక్క మీరే వేయండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) సూచించిన పది పాయింట్ల పద్ధతిలో ఓ అంటే 10, ఎ ప్లస్ 9, ఎ 8, బి ప్లస్ 7, బి 6, సి 5, పి 4, ఎఫ్ 0. ఒక్కో పేపర్ క్రెడిట్లను (ఆ పేపర్‌కు ఇచ్చిన బరువును) దాని గ్రేడు పాయింటుతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే సెమిస్టర్ సగటు వస్తుంది. ఉదాహరణకు ఆరు క్రెడిట్ల పేపర్లు మూడింట్లో 8, 7, 4 పాయింట్లు, నాలుగు క్రెడిట్ల పేపర్‌లో 6 పాయింట్లు వచ్చాయనుకోండి. 48, 42, 24, 24 కూడితే 138. దాన్ని 22తో భాగిస్తే 6.27. ఆ నాలుగు పాయింట్ల పేపర్‌లో ఒక్క మెట్టు పెరిగి 5 అయితే మొత్తం 144, సగటు 6.55 అవుతుంది. గ్రేడు హద్దు దగ్గర ఆగిన పేపర్‌లో ఒకటి రెండు మార్కుల కూడిక తప్పు ఇంత తేడా తెస్తుంది. అందుకే ఏ పేపర్‌కు డబ్బు కట్టాలో తేల్చుకునేటప్పుడు హద్దుకు ఒకటి రెండు మార్కుల దూరంలో ఆగినవాటిని, మీ నోట్‌బుక్ అంచనాకు బాగా దూరంగా ఉన్నవాటిని మాత్రమే ఎంచుకోండి. కొమ్ముతో దువ్వెనలు, బొమ్మలు చేసే ఒక ఇంటి కుర్రాడు కోపంతో అన్ని పేపర్లకూ దరఖాస్తు పెడతానని వచ్చాడు. ఆ డబ్బు వాళ్ల నాన్న ఎన్ని రోజులు కూర్చుని సంపాదించాలో నాకు తెలుసు. రెండు పేపర్లకే పెట్టించాను.

పేపర్ తప్పినవారికి ఇంకో మాట. రీ-అడిషన్‌కో (మార్కులు మళ్లీ కూడటానికో) జవాబు పత్రం ఫోటోకాపీకో దరఖాస్తు పెట్టామని తప్పిన పేపర్ మళ్లీ రాసే బ్యాక్ పేపర్ ఫారం నింపడం మానేయకండి. ఆ ఫలితం వచ్చేలోగా బ్యాక్ పరీక్ష గడువు దాటిపోతే మరో ఏడాది పోతుంది. రెండూ కట్టండి. భారం అనిపించినా ఇది తప్పదు.

రీ-అడిషన్, ఫోటోకాపీ

రీ-అడిషన్ అంటే మార్కులు మళ్లీ కూడటం, దిద్దని జవాబు ఉందేమో చూడటం. మళ్లీ దిద్దరు. మళ్లీ దిద్దడం, అంటే రీవాల్యుయేషన్, మీ విశ్వవిద్యాలయ నిబంధనల్లో ఉంటేనే దొరుకుతుంది. అది హక్కుగా అడగలేమని మహారాష్ట్ర మాధ్యమిక బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. నిబంధన లేని చోట రీవాల్యుయేషన్ కుదరదని తర్వాత వచ్చిన తీర్పులూ చెప్పాయి. కాబట్టి ముందుగా మీ విశ్వవిద్యాలయ పరీక్షా నిబంధనల పుస్తకంలో ఆ అధ్యాయం చదవండి. గడువు సాధారణంగా ఫలితం వచ్చిన రోజు నుంచి లెక్కిస్తారు, కొద్ది రోజులే ఉంటుంది.

నా సలహా ఏమిటంటే, ఫోటోకాపీ ఇచ్చే పద్ధతి ఉంటే ముందు అదే తీసుకోండి. పత్రం చేతికి వచ్చాక ఇలా చూడండి. ఒక తెల్లకాగితం మీద ప్రశ్న నంబర్లు వరుసగా రాసి, లోపలి అంచులో ఉన్న మార్కు ఒక వరుసలో, పై పేజీ గడిలో ఉన్న మార్కు పక్క వరుసలో వేయండి. తేడా ఉన్నచోట గుర్తు పెట్టండి. తర్వాత ప్రతి పేజీ మీద దిద్దిన గుర్తు ఉందో లేదో, అంటే టిక్కో గీతో మార్కో ఏదైనా ఉందో లేదో చూడండి. ఏ గుర్తూ లేని పేజీ ఉంటే దాని నంబరు రాసుకోండి. అర మార్కులు ఎలా కలిపారో చూడండి. ఇన్ని ప్రశ్నలే రాయాలన్నచోట మీరు ఎక్కువ రాసి ఉంటే ఏవి లెక్కలోకి తీసుకున్నారో చూడండి. చివరికి పుస్తకంలోని మొత్తం, ఫలితంలోని మొత్తం పక్కపక్కన పెట్టండి. కాశీనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పత్రంలో ఖాళీ పేజీ తర్వాతి నాలుగు పేజీల మీద ఒక్క గీత కూడా లేదు. ఆమె ఇంటికి వెళ్లి ఏడ్చిన రోజుల్లో ఆ నాలుగు పేజీలు ఎవరూ చదవకుండా కట్టలో ఉన్నాయి. వాటిని దిద్దించాక ఆమె పాసైంది.

లేఖ రాసేటప్పుడు కోపం పక్కన పెట్టి మూడే విషయాలు రాయండి. "ఫలానా పేపర్‌లో నా జవాబు పుస్తకం 17 నుంచి 20 వరకు ఉన్న పేజీల్లో 5వ ప్రశ్నకు జవాబు ఉంది. ఆ పేజీల మీద మూల్యాంకనం చేసిన గుర్తు లేదు. పై పేజీలో 5వ ప్రశ్న గడి ఖాళీగా ఉంది. దయచేసి ఆ జవాబును మూల్యాంకనం చేసి ఫలితం సవరించగలరు." ఇంతే చాలు. ఎంత కష్టపడి చదివారో, తక్కిన విద్యార్థులకు ఎన్ని వచ్చాయో రాయకండి. లేఖను కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా పరీక్షల నియంత్రణాధికారికి పంపండి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

సమాచార హక్కు దరఖాస్తు

ఫోటోకాపీ ఇచ్చే పద్ధతి లేదన్నా, గడువు దాటిందన్నా, రుసుము భరించలేనంత ఉన్నా సమాచార హక్కు చట్టం ఉంది. 2011 ఆగస్టు 9న సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: దిద్దిన జవాబు పత్రం 2005 నాటి ఆ చట్టం కింద సమాచారమే, విద్యార్థి దాన్ని చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. అదే తీర్పు రెండు హద్దులు కూడా పెట్టింది. దిద్దినవారి పేరు అడిగే హక్కు లేదు. పత్రం చూసే హక్కు ఉంది కనుక మళ్లీ దిద్దమని అడగవచ్చనీ కాదు. పత్రాలను నిబంధన ప్రకారం ఉంచే కాలం ముగిశాక ధ్వంసం చేస్తారు, ఆ తర్వాత అడిగి లాభం లేదు. అందుకే ఆలస్యం చేయకండి.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఒడిశా నిబంధనల్లోని ఫారం-ఎ వాడాలి. పది రూపాయల రుసుమును కోర్టు ఫీ స్టాంపుగా అంటించవచ్చు. గుర్తింపు కార్డు నకలు జతచేయండి. కోరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చదివేవారికి కేంద్ర నిబంధనలు వర్తిస్తాయి: రుసుము పది రూపాయలే, నకలుకు పేజీకి రెండు రూపాయలు. దరఖాస్తు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఆ ప్రాంత అధికార భాషలో గాని ఉండాలని చట్టం చెబుతుంది. ఇక్కడ అది ఒడియా. తెలుగులో రాసి పంపితే తిప్పి పంపుతారు. ఇంట్లో పెద్దవాళ్ల చేత రాయించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. "నా జవాబు పుస్తకం నకలు" అని సూటిగా అడగండి, రోల్ నంబరు, పేపర్ కోడ్, సెమిస్టర్, సంవత్సరం రాయండి. "ఎందుకు తక్కువ వేశారు" అని అడిగితే అది సమాచారం కాదని తోసిపుచ్చుతారు.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే నిరాకరించినట్టే లెక్క. ఆ తర్వాత ముప్పై రోజుల్లోపు అదే సంస్థలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు పెట్టండి. దాని మీద కూడా న్యాయం జరగకపోతే తొంభై రోజుల్లోపు భువనేశ్వర్‌లోని సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు. కేంద్రీయ విశ్వవిద్యాలయం అయితే ఢిల్లీలోని కేంద్ర కమిషన్‌కు వెళ్లాలి. కమిషన్ దాకా వెళితే చాలా కాలం పడుతుంది. చాలాసార్లు మొదటి అప్పీలుకే పత్రం వస్తుంది.

ఫిర్యాదుల కమిటీ

తప్పు స్పష్టంగా చూపించినా కదలిక లేకపోతే, 2023లో యూజీసీ తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు ఉన్నాయి. ప్రతి విద్యాసంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆ కమిటీ వీలైనంతవరకు పదిహేను పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే పదిహేను రోజుల్లోపు, అప్పీళ్లు వినే అధికారి అయిన విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఇక్కడ ఒక నిబంధన జాగ్రత్తగా చదవాలి: ఫలితాన్ని ప్రభావితం చేసే నిర్దిష్టమైన అవకతవక గాని, వివక్ష జరిగిన నిర్దిష్ట సందర్భం గాని చూపించకపోతే రీవాల్యుయేషన్, తిరిగి కూడిక కోరే దరఖాస్తులను అంబుడ్స్‌పర్సన్ స్వీకరించరు. పేజీ నంబర్లతో రాసిన ఆ లేఖ, ముద్ర వేయించుకున్న నకలు ఇప్పుడు పనికొస్తాయి. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

మూడో రకం ఫిర్యాదు, అంటే జవాబు చదివి తక్కువ వేయడం, వీటిలో దేనితోనూ సులభంగా గెలవరు. రీవాల్యుయేషన్ నిబంధన ఉన్నచోట కూడా మార్కు తగ్గే అవకాశం ఉందేమో ముందే చదవండి. మీ పత్రాన్ని ఆ సబ్జెక్టు చెప్పిన మాస్టారికి చూపించండి. ఆయన కూడా తక్కువే వేస్తాననే మాట అంటే ఆ డబ్బు పుస్తకాలకు పెట్టండి.

ఈ తిరుగుడులో నిద్ర పట్టకపోతే, బతకడం ఎందుకనిపిస్తే ఒంటరిగా ఉండకండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే: ఫలితం వచ్చిన రాత్రి పిల్లలను మార్కులు అడగకండి, అన్నం తిన్నారా అని అడగండి.

పేరు, తర్వాతి చదువు

ఫలితం ఆగిపోయిందని వచ్చేవారిలో కొందరికి అసలు మార్కుల సమస్యే ఉండదు. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి ఫారాల్లో అది చివర ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక వరుస, ఆధార్‌లో ఇంకో వరుస, కాలేజీ రికార్డులో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. మీ క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాతో పేరు కలవక క్రెడిట్లు ఎక్కవు. మొదటి సెమిస్టర్‌లోనే పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం మిగతావన్నీ సరిచేయించుకోండి. ఆధార్ సవరణకు సమయం పడుతుంది, ఆఖరి సెమిస్టర్ దాకా ఆగితే మార్కుల జాబితా చేతికి రాదు.

పీజీకి శ్రీకాకుళానికో విశాఖపట్నానికో వెళ్లాలనుకునేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. అక్కడి ప్రవేశాల తేదీలు మన ఫలితాల కోసం ఆగవు. సవరణ కోసం ఎదురుచూస్తున్నా ఉన్న మార్కులతోనే దరఖాస్తు పెట్టండి. పరీక్షల విభాగం నుంచి "సవరణ పరిశీలనలో ఉంది" అనే లేఖ తీసుకుని కౌన్సెలింగ్‌కు పట్టుకెళ్లండి. గ్రేడు సగటును శాతంలోకి మార్చే సూత్రం మీ విశ్వవిద్యాలయ నిబంధనల్లో ఏదుంటే అదే వాడండి, ఆ పేజీ నకలు జతచేయండి. మైగ్రేషన్ సర్టిఫికెట్‌కు ఆఖరి సెమిస్టర్ ఫలితం వచ్చిన వారంలోనే అడగండి. సవరించిన మార్కుల జాబితా వస్తే పాతదాన్ని తిరిగి ఇవ్వాల్సి ఉంటుంది, కాబట్టి ముందే దాని నకళ్లు అటెస్ట్ చేయించి ఉంచుకోండి.